మీ వీధిలో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించడం ఎలా? విజయనగరం వాళ్ళ కోసం

మా వీధికి చుట్టపుచూపుగా వచ్చి ఇక్కడి చెత్త బండిని చూసినవాళ్ళు, ఇంటికెళ్ళాక ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే: "మా వీధిలో కూడా ఇలా మొదలుపెట్టాలంటే ఎవరిని కలవాలి, ఏం చెయ్యాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. శ్రీకాకుళం వాళ్ళకీ చాలావరకు ఇదే పనికొస్తుంది. రెండు ఊళ్ళూ కార్పొరేషన్లే, వార్డు సచివాలయాల ఏర్పాటు కూడా ఒకటే.

కార్పొరేషన్ బండి పంపుతుంది, మనుషుల్ని పెడుతుంది, 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం చేస్తోంది. ఇవన్నీ మన గేటు దాకా వచ్చి ఆగుతాయి. వంటింట్లోంచి గేటు దాకా నడిచే ఆ నాలుగు అడుగులు మాత్రం మనవే. అక్కడ కూర తొక్కలూ పాల ప్యాకెట్లూ ఒకే కవర్లో పడ్డాయంటే, తర్వాత ఎవరో ఒకరు చేతులు పెట్టి ఏరాల్సిందే. ఆ ఎవరో ఒకరు సాధారణంగా ఒక ఆడమనిషి, చేతికి సరైన గ్లవ్స్ కూడా లేని మనిషి. నేను ఈ పని మొదలుపెట్టడానికి కారణం అదే.

ఇంకో సందేహం కూడా తరచూ వస్తుంది. "చెత్త పన్ను తీసేశారు కదా, ఇంకా వేరు చెయ్యాలా?" చెయ్యాలి. 2024లో ఎత్తేసింది డబ్బు వసూలును మాత్రమే. ఇంట్లోనే వేరు చేసి ఇవ్వాలన్న నియమం 2016 ఘన వ్యర్థాల నిబంధనల నుంచీ ఉంది.

కావలసినవి

- ఇంటికి రెండు బుట్టలు, ఒక చిన్న డబ్బా. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద పట్టణాల్లో ఇళ్ళకి ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు ఇచ్చారు. చాలామంది వాటిలో బియ్యం, బట్టల క్లిప్పులు పెట్టుకున్నారు. అటక మీద వెతకండి. లేకపోతే పాత బకెట్ చాలు, కొత్తవి కొనకండి.
- ఒక నోట్‌బుక్, పెన్ను.
- రెండు గోనె సంచులు. జూట్ మిల్లులున్న జిల్లా మనది, వీటికి కరువు లేదు.
- మీతోపాటు ఇద్దరు మనుషులు. వాళ్ళలో ఒకరు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఇంట్లో ఉండేవాళ్ళయి ఉండాలి.
- ఆరు వారాల ఓపిక. రెండు వారాలకే ఫలితం చూద్దామనుకుంటే మొదలుపెట్టవద్దు. సగంలో ఆగిపోయిన వీధిలో రెండోసారి ఎవరూ తలుపు తియ్యరు.

1. ముందు బండి తెచ్చే మనిషితో మాట్లాడండి

అందరూ ముందు ఆఫీసుకి వెళ్తారు. మొదటిసారి మేమూ అదే చేశాం. ముప్పై ఇళ్ళవాళ్ళం ఉత్సాహంగా వేరు చేసి పెట్టాం. మూడో రోజుకల్లా "మేం వేరు చేసి ఇస్తుంటే బండిలో కలిపేస్తోంది" అని గొడవ మొదలైంది. బండి తెచ్చే ఆవిడ నన్ను పక్కకి పిలిచి చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "అమ్మా, మీరు ఇడిగా ఇత్తన్నారు, బాగుంది. బండికి ఒకటే తొట్టి. నానేటి సెయ్యాలి?" ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. రెండు వారాల్లో అంతా ఆగిపోయింది.

కాబట్టి మొదటి రోజు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఆమెని ఈ నాలుగు అడగండి:

- బండిలో తడికి, పొడికి విడి తొట్లు ఉన్నాయా?
- ఇక్కడి నుంచి చెత్త ఎక్కడికి తీసుకెళ్తారు? అక్కడ రెండూ విడిగా దించుకుంటారా?
- మన వీధికి రోజూ ఎన్ని గంటలకి వస్తారు?
- మీరు సెలవు పెడితే ఎవరొస్తారు?

విడి తొట్టి లేకపోతే బండికి రెండు వైపులా గోనె సంచులు కట్టించండి. పొడి చెత్త సంచుల్లోకి, తడిది తొట్టిలోకి. మేం రెండోసారి గట్టెక్కింది ఈ గోనె సంచులతోనే. ఆమెకి మంచినీళ్ళు ఇవ్వండి, పేరు అడిగి పేరుతో పిలవండి. "ఏయ్ చెత్తా" అని పిలిచే వీధిలో ఈ పని సాగదు.

2. వీధిని లెక్కపెట్టండి

నోట్‌బుక్‌లో ఒక్కో ఇంటికి ఒక్కో గీత. సొంత ఇల్లా, అద్దెదా, మేడ మీద ఎన్ని కుటుంబాలు, బండి వచ్చే వేళకి ఎవరైనా ఉంటారా అన్నవి చాలు. టిఫిన్ సెంటర్, చికెన్ షాపు, బోండాల బండి ఉంటే విడిగా రాయండి. వాటి చెత్త వేరే రకం, ఎక్కువ కూడా. వాటిని ఇళ్ళతో కలిపి మొదలుపెట్టకండి. ఇళ్ళు కుదురుకున్నాక చూడొచ్చు.

ముప్పై, నలభై ఇళ్ళు మించితే వీధిని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కతో మొదలుపెట్టండి.

3. వార్డు సచివాలయానికి వెళ్ళండి

అక్కడ అందరినీ కలవక్కర్లేదు. మీ పని శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీతో. ఎమినిటీస్ సెక్రటరీ చూసేది నీళ్ళు, రోడ్లు, వీధి దీపాలు వంటివి. చాలామంది తప్పు మనిషికి కాగితం ఇచ్చి, జవాబు రాలేదంటారు. సచివాలయంలో పని కాకపోతే శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఆ తర్వాత కార్పొరేషన్ ఆఫీసు. సోమవారం గ్రీవెన్స్ రోజు, ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ తీసుకుంటారు.

నోటి మాటగా చెప్పి రాకండి. ఇలా ఒక కాగితం ఇవ్వండి:

"గౌరవనీయులైన కమిషనర్ గారికి, మా వార్డులోని ఫలానా వీధిలో ఇన్ని ఇళ్ళ వాళ్ళం ఫలానా తేదీ నుంచి తడి, పొడి, ప్రమాదకర చెత్తను విడిగా ఇవ్వాలని నిర్ణయించుకున్నాం. మా వీధికి వచ్చే బండిలో విడి తొట్లు ఏర్పాటు చేయాలని, విడిగా ఇచ్చిన చెత్తను విడిగానే తరలించాలని, ఆ బండి నడిపేవారికి గ్లవ్స్, మాస్కు ఇప్పించాలని కోరుతున్నాం. ఇట్లు..."

కింద అందరి సంతకాలు. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. ఆ ముద్ర లేకపోతే రెండు నెలల తర్వాత మీరు వచ్చినట్టు ఎవరికీ గుర్తుండదు.

జాగ్రత్త: ఫిర్యాదు రాసినట్టు రాయకండి. "మా వీధి మురికిగా ఉంది" అని రాస్తే ఒకరోజు బ్లీచింగ్ చల్లి వెళ్ళిపోతారు. మీరు ఏం చేస్తారో ముందు రాసి, వాళ్ళు ఏం చెయ్యాలో తర్వాత అడగండి.

మీ వీధిలో పొదుపు సంఘం ఉంటే మెప్మా ఆర్పీని (పట్టణ పొదుపు సంఘాల్ని చూసుకునే రిసోర్స్ పర్సన్‌ని) కూడా కలవండి. సచివాలయం సిబ్బంది బదిలీ అవుతుంటారు. ఆర్పీ అక్కడి మనిషే, ప్రతి ఇంటి ఇల్లాలూ ఆమెకి తెలుసు. మా వీధిలో నేను చెబితే వినని మూడు ఇళ్ళు ఆమె చెబితే ఒక్క రోజులో విన్నాయి.

4. తేదీ పెట్టుకోవడం

మూడో శనివారం మంచిది. ఆ రోజు అధికారులు ఎలాగూ వార్డుల్లో తిరుగుతుంటారు, "మా వీధికి ఒకసారి రండి" అంటే వచ్చే వీలుంటుంది.

దసరా నుంచి సిరిమానోత్సవం దాకా మాత్రం మొదలుపెట్టకండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి సంబరానికి ఊరంతా జనం. పారిశుద్ధ్య కార్మికుల్ని కోట, మూడు లాంతర్ల వైపు పంపేస్తారు. మన బండి ఆలస్యమవుతుంది, కొన్ని రోజులు రాదు కూడా. మేం మొదటిసారి మొదలుపెట్టింది సరిగ్గా అప్పుడే. శ్రీకాకుళంలో అరసవల్లి రథసప్తమి దగ్గర కూడా ఇదే సంగతి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను భయం ఎలాగూ ఉంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి.

విజయనగరం వాళ్ళకి నేను చెప్పేది సంక్రాంతి దాటాక మొదలుపెట్టమని. వానలుండవు, వేప, బాదం ఆకులు రాలి ఎండుటాకులు కావలసినన్ని దొరుకుతాయి. ఆ ఆకులు ఏడో అంచెలో కావాలి.

5. ఇంటింటికీ వెళ్ళి చూపించండి

కరపత్రం పంచితే అదే చెత్తలో పడుతుంది. ఆ ఇంటి బుట్టనే గుమ్మంలో పెట్టుకుని, వాళ్ళ ముందే విడదీసి చూపించండి. ఇంటికి పది నిమిషాలు.

ఆకుపచ్చ బుట్ట (తడి): కూర తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి, అరటి తొక్కలు, గుడ్డు పెంకులు, చేప పొట్టు, రొయ్య తలలు, దేవుడి పువ్వులు. పువ్వుల దండలోని దారం, జరీ తీసి వెయ్యాలి.

నీలం బుట్ట (పొడి): కాగితం, అట్టలు, సీసాలు, డబ్బాలు, పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు. పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల పూర్తిగా తెంచెయ్యకండి, వేలాడేలా వదిలేయండి. తెగిపోయిన ఆ చిన్న ముక్కని ఎవరూ ఏరరు, అది కాలువలోకే పోతుంది. ప్యాకెట్‌ని ఒకసారి కడిగి ఆరేస్తే వాసన రాదు. కడగని పాల ప్యాకెట్ ఒక్కటి చాలు, బుట్ట మొత్తాన్ని కంపు చేస్తుంది.

ఎరుపు డబ్బా: శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, బ్యాటరీలు, బల్బులు, గడువు దాటిన మాత్రలు, బ్లేడ్లు, సూదులు. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి, మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునే వాళ్ళుంటే సూదుల్ని మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ సీసాలో వేసి ఇవ్వాలి. గాజు పగిలితే మందపాటి కాగితంలో చుట్టి, బండి మనిషికి చేతికిచ్చి నోటితో చెప్పండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకుండా ప్రతి ఇంట్లో గట్టిగా చెప్పాలి. తెగిన చెయ్యి చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

తరచూ వచ్చే తగువులు: కొబ్బరి చిప్ప ఎందులో? తడి చెత్తలో కుళ్ళదు, విడిగా ఉంచితే పొయ్యిలోకి పట్టుకెళ్ళేవాళ్ళుంటారు. మామిడి టెంక? తడి. నూనె పీల్చిన టిఫిన్ కాగితం? ప్లాస్టిక్ పూత లేకపోతే తడి, ఉంటే పొడి. ఊడ్చిన దుమ్ము? పొడి దాంట్లో కాగితంలో చుట్టి వెయ్యండి.

తడి చెత్తని కవర్లో కట్టి ఇవ్వడం ఈ పనిలో అందరూ చేసే మొదటి తప్పు. బుట్టలో అడుగున న్యూస్ పేపర్ వెయ్యండి, కవర్ వద్దు. 120 మైక్రాన్ల కన్నా పల్చని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం కూడా.

6. మొదటి పదిహేను రోజులు బండి పక్కన నిలబడండి

ఈ అంచె వదిలేస్తే మిగతావన్నీ వృథా. మీ ముగ్గురిలో ఎవరో ఒకరు రోజూ బండితో పాటు వీధి చివర దాకా నడవాలి. కలిపి ఇచ్చిన ఇల్లు కనబడితే అరవకండి, ఫోటో తీసి గ్రూపులో పెట్టకండి. ఫోటో పెట్టిన ఇల్లు మళ్ళీ మన దారికి రాదు, ఇది నేను చూశాను. "పిన్నిగారూ, ఈ కవరు ఒకటి అటు వేద్దామండీ" అని మీ చేత్తోనే తీసి చూపించండి. మూడు రోజులు అలా చేస్తే నాలుగో రోజు ఆవిడే తీసి ఇస్తారు.

అద్దె ఇళ్ళవాళ్ళు మారుతుంటారు. కొత్తగా దిగినవాళ్ళకి మొదటి రోజే చెప్పమని ఇంటి ఓనర్‌కి అప్పగించండి. బండి వచ్చే వేళకి డ్యూటీకి వెళ్ళిపోయేవాళ్ళు బుట్టలు పక్కింట్లో పెట్టి వెళ్ళొచ్చు. పక్కింటితో మాట్లాడి పెట్టడం మీ పనే.

7. వీలైనవాళ్ళు తడి చెత్తని ఇంట్లోనే ఎరువు చేసుకోండి

ఇది అందరూ చెయ్యక్కర్లేదు. వీధిలో అయిదారు ఇళ్ళు చేసినా బండి బరువు తగ్గుతుంది. తడి చెత్తతో ఎరువు చేయడంలో మన బొబ్బిలి మున్సిపాలిటీకి ఎప్పటి నుంచో పేరుంది, వేరే ఊళ్ళవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. ఊరంతా కలిసి చేసిన పని అది, ఒక ఇంట్లో ఇంకా తేలిక.

ఇరవై లీటర్ల పెయింట్ డబ్బాలు రెండు తీసుకోండి. కొత్తగా ఇల్లు కట్టిన వాళ్ళని అడిగితే ఉచితంగా ఇస్తారు. బాగా కడిగి, కాల్చిన చువ్వతో చుట్టూ పదిహేను, అడుగున అయిదు బెజ్జాలు పెట్టండి. ఇటుకల మీద నిలబెట్టండి. అడుగున నాలుగు వేళ్ళ మందం ఎండుటాకులు గానీ కొబ్బరి పీచు గానీ వెయ్యండి. ఉద్దానం వైపు చుట్టాలుంటే పీచు సంచి తెప్పించుకోండి, ఏడాది వస్తుంది.

రోజూ ఒక గిన్నె తడి చెత్త వేస్తే, అదే గిన్నెతో రెండు గిన్నెల ఎండుటాకులు పైన కప్పండి. కొలత గిన్నెతోనే, బరువుతో కాదు. వారానికి ఒకసారి పుల్లటి మజ్జిగ గానీ పేడ నీళ్ళు గానీ గ్లాసుడు చల్లండి. మూడు, నాలుగు రోజులకోసారి కర్రతో కిందికీ పైకీ కలపండి. మొదటి డబ్బా నిండగానే దాన్ని కదపకుండా పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో ఎరువు అవుతుంది. చలికాలంలో ఇంకొన్ని రోజులు పడుతుంది.

తేడా వస్తే:

- కుళ్ళు వాసన వస్తోందంటే తడి ఎక్కువైంది. ఆకులు వేసి కలిపి, రెండు రోజులు మూత కొంచెం తెరిచి ఉంచండి.
- చీమలు పట్టాయంటే బాగా ఎండిపోయింది. నీళ్ళు చిలకరించండి.
- తెల్లని పురుగులు కనబడితే భయపడకండి, అవీ కుళ్ళబెట్టే పనే చేస్తాయి. చూడలేకపోతే పైన మందంగా ఆకులు కప్పండి.
- చేప, రొయ్య, మాంసం ఈ డబ్బాలో వెయ్యకండి. పిల్లులు, కుక్కలు డబ్బాని పడగొడతాయి. పెరడుంటే అడుగు లోతు గొయ్యిలో పాతండి, లేకపోతే బండికి ఇవ్వండి.
- వానాకాలంలో డబ్బా చూరు కింద ఉండాలి. ఒక్క పెద్ద వానకి లోపలంతా బురదవుతుంది.

ఆకుల్ని కాల్చేవాళ్ళు వీధికి ఒకరైనా ఉంటారు. వాళ్ళని తిట్టకుండా "ఆ ఆకులు మాకివ్వండి" అని సంచి పట్టుకెళ్ళండి. మా వీధి చివర పొగ ఆగింది అలాగే.

8. పొడి చెత్త సంగతి

అమ్ముడుపోయేవి పాత సామాన్ల బండికి ఇవ్వండి. మిగతాది కార్పొరేషన్ బండికి. మేం మా వీధిలో ఆ డబ్బు బండి తెచ్చే ఆమెకే వదిలేశాం. అట్టలు, సీసాలు విడిగా, శుభ్రంగా వస్తే ఆమెకి నాలుగు రూపాయలు వస్తాయి. ఇది మీరూ చెయ్యమని గట్టిగా చెబుతాను.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రతి ఆదివారం పది ఇళ్ళ బుట్టలు చూడండి, ముందు చెప్పకుండా. ప్రతిసారీ వేరే పది. సరిగ్గా ఉన్నవాటికి నోట్‌బుక్‌లో టిక్ పెట్టండి. మొదటి వారం మూడో నాలుగో ఉంటాయి, నిరాశ పడకండి. ఆరో వారానికి ఎనిమిది దాటితే నిలబడినట్టే. అయిదు దగ్గర ఆగిపోతే మళ్ళీ ఆరో అంచె నుంచి మొదలుపెట్టండి.

బండి వెనకాల ఒక్కసారైనా వెళ్ళండి. చెత్త దించేచోట విడిగా దించుతున్నారో లేదో కళ్ళతో చూడండి. అక్కడ కలిపేస్తుంటే మీ ముద్ర వేసిన కాపీ తీసుకుని శానిటరీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఈ సంగతి వీధిలో ముందే చెప్పకండి. "ఎలాగూ కలిపేస్తున్నారు" అన్న ఒక్క మాట చాలు, ముప్పై ఇళ్ళు ఆగిపోవడానికి. ముందు పరిష్కరించండి, తర్వాత చెప్పండి.

ఎరువు తయారైందో లేదో చూడటానికి పిడికిట్లో పట్టి పిండండి. ఒకటి రెండు చుక్కలకన్నా ఎక్కువ నీరు కారకూడదు. వాసన తొలకరి మట్టిలా ఉండాలి. ఏ తొక్క ఏదో గుర్తుపట్టగలిగితే ఇంకా కాలేదు. ఇంకా అనుమానంగా ఉంటే కాస్త ఎరువులో పెసలు నాటండి. నాలుగు రోజుల్లో మొలకలు పచ్చగా లేస్తే మొక్కలకి వేసుకోవచ్చు, మాడిపోతే మరో రెండు వారాలు ఆగండి. కుండీలో ఒక వంతు ఎరువుకి మూడు వంతుల మట్టి కలపండి. ఎరువు ఒక్కటే నింపితే వేళ్ళు నిలవవు.

బండి మనిషి మారితే

ఇది ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. మా వీధిలో రెండుసార్లు జరిగింది. పాత ఆమె వెళ్ళేముందే కొత్తగా వచ్చేవాళ్ళని ఒకరోజు వీధంతా తిప్పమని అడగండి. కుదరకపోతే మీరే తిప్పండి. గోనె సంచులు బండితో పాటు పోకుండా విప్పి మీ ఇంట్లో పెట్టుకోండి. కొత్త బండి వచ్చిన పొద్దున్న మీరే కట్టి, ఏది ఎందులో వెయ్యాలో చూపించండి. ఆ వారం రోజులూ మళ్ళీ బండి పక్కన నడవండి.